నల్లపిల్లిని పెంచుకుంటున్నాం, శ్రావణమాసానికి అత్తగారు వస్తున్నారు. ఏం చేయమంటారు?

నిజాంపేట_రెండో_అంతస్తు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు, నిజాంపేట. అద్దె ఇల్లు, ఓనరుగారు కిందే ఉంటారు. వానలు మొదలైన కొత్తలో ఒక రాత్రి సెల్లార్‌లో జనరేటర్ వెనకాల నుంచి ఒకటే అరుపు. మా ఆయన టార్చి వేసి చూస్తే రెండు కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడంత నల్లపిల్లి పిల్ల, ఒళ్ళంతా గ్రీజు. తల్లి వస్తుందేమోనని మర్నాడు రాత్రి దాకా అక్కడే అట్టపెట్టెలో ఉంచి చూశాం. రాలేదు. పైకి తెచ్చేసుకున్నాం. ఇప్పుడు మూడు నెలలు ఉంటాయని, ఆడదని డాక్టరు చెప్పారు.

ఎంత నలుపంటే ముక్కు, అరికాళ్ళు, మీసాలు అన్నీ నలుపే. మీసాల్లో ఒక్కటి మాత్రం తెలుపు. పొద్దున బాల్కనీలో ఎండ పడినప్పుడు చూస్తే ఒంటి మీద సన్నగా చారలు కనిపిస్తాయి, నీడలోకి రాగానే మాయమైపోతాయి. ఇంకా పేరు పెట్టలేదు. మా ఆయన షాడో అంటున్నారు, నాకు నచ్చలేదు.

సమస్య ఏంటంటే, ఓనరుగారికి శానిటరీ సామాన్ల షాపుంది. ఆయన పొద్దున్నే బయల్దేరే టైముకి ఇది మెట్ల మీద ఆడుకుంటూ ఉంటుంది. మొన్న నన్ను ఆపి, "ఈ నెల బేరాలే లేవమ్మా, రోజూ మీ పిల్లి ఎదురొస్తోంది. వేరే రంగుదైతే పర్లేదు, ఇది మరీ కారునలుపు" అన్నారు. గట్టిగా ఏం అనలేదు గానీ, అగ్రిమెంటు రెన్యువల్ దగ్గరికొస్తోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

రెండోది అసలు సమస్య. వరలక్ష్మీ వ్రతానికి మా అత్తగారు నరసరావుపేట నుంచి వస్తున్నారు. ఆవిడ చాలా మంచివారు, నన్ను పల్లెత్తు మాట అనరు. కానీ పిల్లి ఎదురొస్తే ఎక్కబోయే బస్సు కూడా వదిలేస్తారు. "అమ్మకి నేను చెప్తాలే" అని మా ఆయన నెల నుంచీ అంటున్నారు. ఇంతవరకూ చెప్పలేదు.

ఇంకో రెండు సందేహాలు. మాది శాకాహారం, గుడ్డు కూడా వండం. పాలు, పెరుగన్నం పెడుతున్నాను. తింటోంది గానీ విరేచనాలు తగ్గట్లేదు. వెనక కాళ్ళ దగ్గర నలుపు కాస్తా ఎర్రగా మారుతోంది, ఇదేమైనా జబ్బా? ఫోటో పెట్టాను చూడండి.

పల్నాడు_పెద్దాయన:

అమ్మా, నాకు శకునాల మీద పెద్ద నమ్మకం లేదు. కానీ చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోవడం దేనికి? ఇటు ఓనరుతో పేచీ, అటు అత్తగారితో పేచీ. పల్లెల్లో ధాన్యం, మిరపకాయ బస్తాలు ఉన్న ఇంట్లో పిల్లిని ఎవరూ వద్దనరు, రంగు కూడా చూడరు. తెలిసినవాళ్ళుంటే ఇచ్చేసి ప్రశాంతంగా వ్రతం చేసుకోండి. వయసులో పెద్దవాణ్ణి గనక చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

కాకినాడ_పిల్లులమ్మ:

పెద్దాయన గారూ, పెళ్ళికి ఎవరూ తీసుకెళ్ళట్లేదండీ. ఇంట్లో ఉంచుకుంటానంటోంది ఆ పిల్ల.

అమ్మాయ్, నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో పిల్లి లేని రోజు నాకు గుర్తులేదు. ఇప్పుడు ఉన్నవాటిలో పెద్దది నల్లది, దాని పేరు నేరేడు. మా వీధిలో ఎవరికి పిల్లి దొరికినా మా గుమ్మం ముందుకే తెచ్చి పెడతారు. అందుకే ఈ పేరు వచ్చింది, నేను పెట్టుకున్నది కాదు.

ముందు శకునం సంగతి. మన పెద్దవాళ్ళు పిల్లి ఎదురు అన్నది గడప దాటి పని మీద బయల్దేరేటప్పుడు. వాళ్ళ లెక్కలో నల్లది, తెల్లది అని లేదు, పిల్లంటే పిల్లే. ఒక్క నల్లదే చెడ్డదన్న మాట సినిమాల నుంచి, దొరల కథల నుంచి వచ్చి మన శకునంలో కలిసిందని నా అనుమానం. మా నాయనమ్మ నోటెంట ఎప్పుడూ వినలేదు. ఎడమ నుంచి కుడికి పోతే చెడ్డదా, కుడి నుంచి ఎడమకా అన్నదాంట్లో మా ఒక్క వీధిలోనే రెండు పార్టీలున్నాయి. విరుగుడు కూడా వాళ్ళే చెప్పారు. వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరడం. అందులో నష్టమేం లేదు. ఆ కాసేపట్లో గ్యాసు కట్టేశామా, తాళంచెవి తీసుకున్నామా అన్నది గుర్తొస్తుంది.

ఇక నలుపు అంటావా. చంటిపిల్లకి మొలతాడు నలుపు, బుగ్గన చుక్క నలుపు, కొత్త ఇల్లు కడుతుంటే వేలాడదీసే దిష్టిబొమ్మ మొహం నలుపు. కాలభైరవుడి పేరు చెప్పి నల్లకుక్కకి రొట్టె వేస్తారు. ఇన్నిచోట్ల పనికొచ్చిన నలుపు పిల్లి ఒంటి మీదికి రాగానే దరిద్రం ఎలా అయిందో మీ ఓనరుగార్ని అడగాలని ఉంది. నువ్వు మాత్రం అడక్కు. ఓనరుతో వాదించి గెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అత్తగారితో వాదించి గెలిస్తే ఇంకా కష్టం.

నేను చెప్పేదల్లా ఇంతే. వాళ్ళ నమ్మకం జోలికి పోకు. వాళ్ళు బయల్దేరే ఆ అయిదు నిమిషాలు పిల్లిని తలుపు వెనక ఉంచు. మిగతా రోజంతా నీదీ, పిల్లిదీ.

ఇది నేను మా అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతే. వాళ్ళది పెద్దాపురం పక్క పల్లె. ఇంట్లో గాదె, బియ్యం బస్తాలు, వాటితో పాటు ఎలుకలు. ట్రంకుపెట్టెలో ఆవిడ పెళ్ళి పట్టుచీర జరీ అంచు కొరికేశాయి. ఆ వారంలోనే పెరటి గోడ మీద ఒక నల్లపిల్లి తేలింది. ఆవిడ దాన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆవకాయ జాడీల గదిలో పడుకుంటే "లేవే దొంగముండా" అనేవారు, అన్నాక పాలగిన్నె అడుగున మిగిలింది పోసేవారు. అది లక్ష్మీదేవి అని ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు. ఊరికి వెళ్ళేటప్పుడు "దాన్ని గదిలో పెట్టండే, నేను బయల్దేరుతున్నాను" అనేవారు. పెట్టేవాళ్ళం. ఆవిడ రిక్షా ఎక్కగానే తీసేవాళ్ళం. ఆ పిల్లి ముసలిదై పోయేదాకా ఇదే వరస. ఎవరి మాటా పోలేదు.

వ్రతం రోజుకీ అంతే. తద్దినం పిల్లి కథ తెలుసుగా? తాతగారు తద్దినం పెడుతుంటే అడ్డొస్తోందని పిల్లిని బుట్ట కింద మూసేవాడు. ఆయన పోయాక మనవడు తద్దినం పెట్టాల్సొచ్చి, బుట్ట కింద పెట్టడానికి పిల్లి కావాలని ఊరంతా వెతికాడట. నీకు ఆ బాధ లేదు, పిల్లి సిద్ధంగా ఉంది.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళ నమ్మకాల్లో పిల్లికి పనికొచ్చేవి కూడా ఉన్నాయి, అవి గుర్తుపెట్టుకో. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలంటారు. ఇంట్లో పిల్లి ఈనితే శుభం అంటారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. తల్లి ఏడిళ్ళు తిప్పుతూ నీ దగ్గర వదిలిందేమో, ఎవరు చూడొచ్చారు? మీ అత్తగారు "ఎక్కడైనా వదిలేసి రండి" అంటే, బంగారు పిల్లి మాట మెల్లగా గుర్తుచెయ్యి. నువ్వు కాదు, మీ ఆయన చేత.

ఓనరుగారి విషయంలో మాత్రం నేను ఆయన వైపే. అంత పిల్ల మెట్ల మీదికి ఎందుకు వెళ్తోంది? తలుపు తీసి పెడుతున్నారన్నమాట. బాల్కనీకి నెట్ కట్టించు, తలుపు వెయ్యి. శకునం కోసం కాదు. చలికి, వానకి పిల్లులు కారు బానెట్ కింద ఇంజన్ వేడికి దూరతాయి. చారలదో తెల్లదో అయితే డ్రైవరుకి కనీసం తోక కనిపిస్తుంది. చీకటి సెల్లార్‌లో నల్లది అసలు కనపడదు. మా ఇంట్లోనే కరెంటు పోతే నేరేడు ఎక్కడుందో తెలియక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తాం. దాని మెడకి చిన్న మువ్వ ఉంది కాబట్టి సరిపోతోంది.

తిండి. పెరుగన్నం మానెయ్, కారణం డాక్టర్లు ఎవరైనా చెప్తారు. ఇంట్లో వండక్కర్లేదు, పిల్లకూనలకని విడిగా డ్రై ఫుడ్ ప్యాకెట్లు దొరుకుతాయి. దాని గిన్నె బాల్కనీలో పెట్టు, మీ అత్తగారి మడికి అడ్డు రాదు. మేం తింటాం కాబట్టి నేను కవళ్ళు చేపలు ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి పెడతాను. కూరలో ముక్క కడిగి పెట్టడం లాంటివి చెయ్యొద్దు, ఉల్లిపాయ వెల్లుల్లి పిల్లులకి పడవు.

ఇచ్చేద్దామని గనక మనసు మారితే, ఒక జాగ్రత్త. "నల్లదే కావాలి, ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండకూడదు" అని అడిగేవాడికి ఇవ్వకు. అమావాస్య ముందర హడావుడిగా అడిగేవాడికి అసలే ఇవ్వకు. నేను నల్లపిల్లని ఇల్లు చూడకుండా, ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడకుండా ఎవరికీ ఇవ్వను. ఎందుకని అడిగినవాళ్ళకి కారణం కూడా చెప్పను.

ఫోటో చూశాను. నల్ల సోఫా మీద నల్లపిల్లి, ఏం కనపడుతుందమ్మా? కిటికీ పక్కన లేత రంగు దుప్పటి వేసి కూర్చోబెట్టు. ఫోన్ తెర మీద దాని మొహం దగ్గర వేలు నొక్కి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరుపు. ఫ్లాష్ వెయ్యకు. అప్పుడు మెడ కింద బొచ్చు, ఆ ఒక్క తెల్లమీసం అన్నీ వస్తాయి.

పశువైద్యం_నెల్లూరు:

పిల్లులమ్మ గారు సగం పని చేసేశారు, మిగతా సగం నేను చెప్తాను.

నలుపు ఎర్రబడటం ఎక్కువగా రెండు కారణాల వల్ల. ఒకటి ఎండ. రెండోది తిండి. వెంట్రుకకి నలుపునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి, అది మాంసకృత్తుల్లో దొరుకుతుంది. తగ్గితే నల్లపిల్లి బొచ్చు తుప్పు రంగులోకి వెళ్తుంది. మీరు పెడుతున్నది పెరుగన్నం కాబట్టి నా మొదటి అనుమానం దాని మీదే. తిండి మార్చాక వెంటనే తేడా కనిపించదు, కొత్త బొచ్చు నల్లగా వస్తుంది. అప్పటికీ ఎరుపు పోకపోతే ఒకసారి చూపించండి.

అసలు భయపడాల్సింది రంగు గురించి కాదు. టారిన్ అని ఇంకో పదార్థం ఉంది, పిల్లి శరీరం దాన్ని తనకి సరిపడా తయారు చేసుకోలేదు. మాంసంలో ఉంటుంది, అన్నంలో పప్పులో ఉండదు. అది లేకపోతే నెలల తరబడి బయటికేమీ కనపడకుండానే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోతుంది. ఆ గుండెజబ్బుకి మూలం టారిన్ లోపమని 1987లో అమెరికాలో పరిశోధకులు చూపించాక, పిల్లుల ఆహారం తయారుచేసే కంపెనీలు టారిన్ పాళ్ళు పెంచాయి. కాబట్టి ప్యాకెట్ మీద పిల్లులకి అని ఉండాలి, కుక్కలది పెట్టకూడదు. విరేచనాలకి కారణం చాలావరకు ఆ పాలే. పాలు మానేసి రెండు మూడు రోజులు చూడండి, తగ్గకపోతే నులిపురుగుల మందు పడిందో లేదో మీ డాక్టర్ని అడగండి.

ఎండలో కనిపించే చారలు మీ భ్రమ కాదు. పిల్లి వెంట్రుకలో నలుపు, గోధుమ రంగు పట్టీలు మారి మారి రావడానికి అగౌటి అనే జన్యువు కారణం. అది పనిచెయ్యని రూపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే వెంట్రుక మొదలు నుంచి కొస దాకా నలుపే. చారల జన్యువు మాత్రం కిందే ఉంటుంది, పసి వయసులో ఎండ పడితే తొంగి చూస్తుంది. అందుకే చారల తల్లికీ చారల తండ్రికీ నల్లకూన పుట్టొచ్చు. మీ సెల్లార్ చుట్టుపక్కల తిరిగే చారల పిల్లే దీని తల్లి అయ్యుండొచ్చు.

నల్లపిల్ల కనపడగానే "ఇది బాంబే క్యాట్, జాతి పిల్లి" అని వేలకి వేలు చెప్పే అమ్మకందార్లు ఉన్నారు. మా క్లినిక్‌కి అలా కొన్నవాళ్ళు వస్తుంటారు. ఆ జాతి ముంబైలో పుట్టింది కాదు. 1950ల్లో అమెరికాలో, కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో నిక్కీ హార్నర్ అనే ఆవిడ బర్మీస్ పిల్లినీ, నల్ల అమెరికన్ షార్ట్‌హెయిర్‌నీ కలిపి తయారుచేశారు. మన దేశపు నల్ల చిరుతలా ఉండాలన్నది ఆవిడ ఆలోచన, అందుకే ఆ పేరు. మన వీధుల్లో దొరికే నల్లపిల్లులకీ దానికీ చుట్టరికం లేదు. ఉచితంగా దొరికిందే ఆరోగ్యంగా పెంచుకోండి.

టీకాలు. ఎనిమిది వారాల వయసులో ట్రైక్యాట్ (మూడు వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటిది, మూడు నాలుగు వారాల తర్వాత రెండోది. పన్నెండు వారాలకి రేబిస్. మీ పిల్లకి మొదటిదే పడలేదంటే ఈ వారమే వెళ్ళండి. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు వస్తే ఈ వయసు పిల్లలు బతకడం కష్టం. అయిదారు నెలలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఇంట్లో పిల్లి ఈనితే శుభం అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, గర్భం అరవై మూడు నుంచి అరవై అయిదు రోజులే. ఏడాది తిరిగేసరికి మీరు శుభం లెక్కపెట్టలేరు.

పండగ ముందర ఇల్లు కడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నల్ల ఫినాయిల్ వాడొద్దు. పిల్లి కాలేయానికి ఫినాల్ లాంటివాటిని విడగొట్టే శక్తి చాలా తక్కువ, తడి నేల మీద నడిచి కాళ్ళు నాక్కుంటే చాలు. కర్పూరం, బీరువాలో వేసే కలరా ఉండలు అందకుండా పెట్టండి. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ ముక్క కూడా వెయ్యకండి, ప్రాణం తీస్తుంది. కుక్కలకి వాడే కొన్ని పేల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది, అదీ పిల్లికి విషమే.

ఖరగ్‌పూర్_రైల్వే_తెలుగు:

మా తాతగారు ఇక్కడ రైల్వే వర్క్‌షాపుకి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ. మీ అత్తగారికి చెప్పడానికి ఇక్కడి కథ ఒకటి పనికొస్తుందేమో.

పిల్లల్ని కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లి. వ్రతకథలో అది నల్లపిల్లి. ఒక ఇంటి చిన్నకోడలికి తిండి మీద ఆశ ఎక్కువ. వంటింట్లో దొంగతనంగా తినేసి, అత్తగారు అడిగితే నల్లపిల్లి తినేసిందని చెప్పేది. ఊరికే దెబ్బలు తిన్న పిల్లి వెళ్ళి అమ్మవారికి మొరపెట్టుకుంది. ఆ కోడలికి పుట్టిన బిడ్డ పుట్టినట్టే మాయమయ్యేది. చివరికి విషయం తెలిసి, అమ్మవారి కాళ్ళ మీద పడి, తనని క్షమించమని పిల్లిని అడిగాకే బిడ్డలు దక్కారు. ఇక్కడ జ్యేష్ఠ శుద్ధ షష్ఠినాడు అల్లుళ్ళని పిలిచి భోజనాలు పెడతారు, ఆ రోజు చెప్పుకునే కథ ఇది.

అలాగని ఇక్కడ పిల్లి ఎదురొస్తే భయపడరని కాదు. ఆటోవాడు బండి ఆపి, ఇంకో బండి దాటి వెళ్ళేదాకా చూస్తాడు. పూజా చేస్తారు, బండీ ఆపుతారు.

లీడ్స్_లో_ఉంటున్నా:

మా ఇంగ్లండులో లెక్క తలకిందులు. ఇక్కడివాళ్ళకి నల్లపిల్లి ఎదురొస్తే అదృష్టం. గుడ్‌లక్ కార్డుల మీద నల్లపిల్లి బొమ్మే ఉంటుంది. యూరప్‌లో మాత్రం దయ్యాలతో ముడిపెట్టారు. 1233లో పోప్ తొమ్మిదో గ్రెగరీ రాసిన ఒక ఉత్తరంలోనే మతవిరోధుల పూజల్లో నల్లపిల్లి వస్తుందని ఉంది.

ఇంత అదృష్టం అనుకునే దేశంలో కూడా నల్లవాటికి ఇల్లు దొరకడం ఆలస్యమే. క్యాట్స్ ప్రొటెక్షన్ అనే సంస్థ ఆ బాధతోనే 2011 నుంచి అక్టోబరు 27ని నల్లపిల్లుల రోజుగా చేస్తోంది. నేను షెల్టర్‌కి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయి చెప్పిన కారణం వింటే నవ్వొచ్చింది. ఫోటోలో బాగా పడవట. పిల్లులమ్మ గారు చెప్పిన చిట్కా వాళ్ళకి పంపాలి. మేము నల్లదాన్నే తెచ్చుకున్నాం. నల్ల ప్యాంటుకి బొచ్చు కనపడకపోవడం ఒక్కటే నాకు తెలిసిన అదృష్టం.

బాచుపల్లి_అసోసియేషన్_సెక్రటరీ:

రూల్ సంగతి అడగలేదు గానీ ఓనరు అన్నారు కాబట్టి చెప్తున్నా. మా అపార్ట్‌మెంట్‌లో ఈ గొడవలు నేనే తీరుస్తాను. పెంపుడు జంతువులే ఉండకూడదని అసోసియేషన్లు తీర్మానం చెయ్యడం చెల్లదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. మీది మాత్రం ఇండిపెండెంట్ ఇల్లు, విషయం మీకూ ఓనరుకీ మధ్య. అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో చూసుకోండి. పిల్లి గురించి ఏమీ లేకపోతే రెన్యువల్‌లో ఒక లైను రాయించుకోండి, "ఇంట్లోనే ఉంచుతాం, మెట్ల మీదికి రాదు" అని. ఆయనకి కావాల్సింది అదే.

ఎవరైనా చాటుగా తీసుకెళ్ళి వదిలేస్తామంటే, ఆకలితో మాడేలా జంతువుని వదిలెయ్యడం జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1960 చట్టం పదకొండో సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై. చదివి మీకు నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. చంపినా, కాలు విరగ్గొట్టినా అది వేరు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్, అయిదేళ్ళ దాకా జైలు.

నిజాంపేట_రెండో_అంతస్తు:

అందరికీ ధన్యవాదాలు. అత్తగారు వచ్చారు, వెళ్ళారు. ఏమైందో చెప్పకపోతే బాగోదు.

మా ఆయన చివరికి ఆవిడ బస్సు దిగి ఆటో ఎక్కాక చెప్పారట. ఇంటికి వచ్చాక హాల్లో కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకున్నారు. ఆ సాయంత్రం "ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ" అన్నారు. షష్ఠీదేవి కథ చెప్పాను. మొత్తం విని, "అవన్నీ బెంగాలీల పద్ధతులు, మనకి లేవు" అన్నారు. బంగారు పిల్లి మాట మాత్రం పనిచేసింది. మా ఆయన "వదిలేస్తే కారు కింద పడి చస్తుందమ్మా, ఆ పాపం మనదే" అనగానే ఆవిడ మొహం మారింది. "తులం ఎంతుందిరా ఇప్పుడు?" అని అడిగారు. ఈయన చెప్పారు. ఇంక ఇచ్చెయ్యమనే మాట రాలేదు.

వ్రతం రోజు బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపేశాం. కలశం పెట్టేదాకా ఊరుకుంది, తోరగ్రంథి పూజ మొదలవగానే ఎత్తుకుంది రాగం. పేరంటాలకి వచ్చినవాళ్ళు "పాప ఏడుస్తోందేమో" అన్నారు. అత్తగారు తల తిప్పకుండా "పిల్లి" అన్నారు. అంతే. వాళ్ళలో ఇద్దరు వెళ్ళేటప్పుడు అడిగి మరీ చూసి వెళ్ళారు.

ఊరికి బయల్దేరే రోజు ఆవిడే ముందు "దాన్ని గదిలో పెట్టు" అన్నారు. పిల్లులమ్మ గారు చెప్పినట్టే పెట్టాను. తీరా వీధి మలుపులో ఎవరిదో చారల పిల్లి ఆటోకి అడ్డంగా పరిగెత్తిందట. ఆటో ఆపించి, బాటిల్‌లో నీళ్ళు తాగి, కాసేపాగి పోనిమ్మన్నారని మా ఆయన చెప్పారు.

బాల్కనీకి నెట్ కట్టించాం. ఓనరుగారికి ఇప్పుడు పిల్లి కనపడట్లేదు. బేరాలు మాత్రం అలాగే ఉన్నాయట, మెట్లు ఈశాన్యంలో ఉండటం వల్లే అని వాస్తు ఆయన్ని పిలిపించారు. రెన్యువల్ అయిపోయింది. తిండి మార్చాక విరేచనాలు కట్టాయి. మొదటి టీకా వేయించాం, రెండోది వచ్చే నెల.

పేరు ఇంకా పెట్టలేదన్నాను కదా. అత్తగారు ఉన్నన్ని రోజులూ "ఏయ్ నల్లదానా, జరుగు" అనేవారు. ఇప్పుడు అలా పిలిస్తేనే వస్తోంది. షాడో అంటే తల కూడా ఎత్తదు. వెళ్తూ వెళ్తూ దిష్టి తగలకుండా అని మెడలో ఎర్రదారం కూడా కట్టి వెళ్ళారు. కొత్త ఫోటో పెట్టాను, లేత దుప్పటి మీద.

కాకినాడ_పిల్లులమ్మ:

ఫోటో బాగుంది, తెల్లమీసం కూడా కనపడుతోంది. ఆ ఎర్రదారం మాత్రం ఇవాళే తీసెయ్. పిల్లి నాలుక గరుకు, నోట్లోకి వెళ్ళిన దారాన్ని బయటికి ఉమ్మలేదు, మింగేస్తుంది. పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషనే. లాగితే దానంతటదే ఊడిపోయే బకిల్ ఉన్న కాలర్ కొను, ఎక్కడైనా తగులుకున్నా మెడ బిగుసుకోదు. ఎరుపులోనే దొరుకుతుంది. మీ అత్తగారు అడిగితే దారం పాతబడిందని, అదే రంగుది కొత్తది వేశామని చెప్పు.